వానలో నిప్పు పుట్టించే చెయ్యి వెనకబడిందా?



ఫోన్లో సర్వైవల్ వీడియోలు చూస్తుంటారు కదా. ఎక్కడివాడో రెండు కర్రలు రాపాడించి నిప్పు పుట్టిస్తే లైకు కొడతాం. అదే పని మన గూడెంలో ముసలాయన చేసి చూపిస్తే "పాతకాలం మనిషి" అని నవ్వుతాం. ఈ చిన్నచూపు మనకు ఎవరు అంటించారు?

యాగశాలలో అరణి చిలికి నిప్పు పుట్టిస్తారు. అదీ కర్రల రాపిడే. అక్కడ పవిత్రం, అడవిలో ఆటవికం! పని ఒకటే, చేసే చెయ్యి వేరు, అంతే.

ఆ పనిలో ఎంత చదువుందో చూడండి. గోరుతో నొక్కితే గాటు పడేంత మెత్తటి ఎండు చెక్క కావాలి. దానికి చిన్న గుంట, గుంట పక్కన చీలిక పెట్టాలి. గుంటలో సన్నటి పుల్ల నిలబెట్టి రెండు అరచేతులతో చిలకాలి. రాలిన పొడి చీలికలో పోగై నల్లబడుతుంది. చెయ్యి ఆపినా పొగ ఆగకపోతే నిప్పు పుట్టినట్టే. దాన్ని ఎండు నారలో పెట్టి మెల్లగా ఊదాలి.

ఎండాకాలం ఇది తేలికే. కానీ రాలిన ఆకులు, వడగాలి ఉంటాయి. అప్పుడు నిప్పు పుట్టించడం కన్నా దాన్ని అదుపులో పెట్టడమే పెద్ద విద్య. ముందు చుట్టూ ఆకు ఊడ్చాలి, లేచేముందు పూర్తిగా ఆర్పాలి.

చలికాలం పొద్దున నేల తేమ పొడిలోకి ఎక్కుతుంది. అందుకే చెక్క కింద ఎండు బెరడు వేసుకోవాలి.

వానాకాలమే అసలు పరీక్ష. వాన పడకపోయినా గాలిలోని తేమను కర్ర పీల్చుకుంటుంది. నేల మీది కర్ర పనికిరాదు. చెట్టు మీదే ఎండిన కొమ్మను చీలిస్తే లోపల పొడిగా దొరకొచ్చు. పుల్ల టక్కున విరగాలి, వంగితే వదిలెయ్యాలి. చెమటకు చేతులు జారతాయి, కాబట్టి ఒకరు అలిసేలోపు ఇంకొకరు అందుకోవాలి. పొయ్యి పైన అటక మీద దాచిన కర్ర అప్పుడు అక్కరకొస్తుంది. వెదురుంటే ఎండు బద్దను ఇంకో వెదురు మీద అడ్డంగా రంపంలా లాగినా నిప్పొస్తుంది.

చెట్టు, గాలి, నేల, కాలం ఎరిగినోళ్లకే ఇది సాధ్యం. మరి చట్టం ఏం చేసింది? 1927 భారత అటవీ చట్టం 26వ సెక్షన్, అటవీ అధికారి ప్రకటించిన కాలంలో తప్ప రిజర్వు అడవిలో నిప్పు రాజేసినా, ఉంచినా, మోసుకెళ్లినా నేరమంది. కాలం చెప్పే అధికారం ఆఫీసుకు పోయింది. కాలం తెలిసినోడు ముద్దాయి అయ్యాడు. ఇవాళ్టికీ అడవి అంటుకుంటే ముందు మన గూడెం వైపే వేలు చూపిస్తారు.

మనవైపు తప్పు లేదనను. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చి, ఆర్పకుండా వచ్చేవాళ్లు ఉన్నారు. అగ్గిపుల్ల గీస్తే క్షణంలో వచ్చే నిప్పుకు విలువుండదు. అరచేతులు బొబ్బలెక్కితే వచ్చిన నిప్పును ఎవరూ అలా వదిలి రారు. అందుకే ఈ విద్య మనకు మళ్లీ కావాలంటున్నా.

చెంచుల్నీ, కొండరెడ్లనీ సర్కారు 2006 దాకా "ఆదిమ" తెగలంది. అదే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(కె) మన సంప్రదాయ జ్ఞానం మీద మనకు సామూహిక హక్కు ఇచ్చింది. 3(1)(ఐ) సామూహిక అటవీ వనరును కాపాడుకునే హక్కు ఇచ్చింది. పోడు పట్టా కోసం కొట్లాడినట్టే వీటి కోసమూ అడగాలి.

ఈ వానాకాలం ఒక పని చెయ్యండి. మీ తాతనో, అవ్వనో కూర్చోబెట్టి అడగండి: మన దగ్గర ఏ కర్ర వాడేవాళ్లు, ఏ నెలలో కోసేవాళ్లు, ఎట్లా దాచేవాళ్లు? మీ భాషలోనే రాసుకోండి. ఒకసారి మీ చేత్తో చేసి చూడండి. తర్వాత ఆ కాగితం గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. వేసవి రాకముందే, నిప్పు కాపలా ఎవరిదో అదే సభలో మనమే తేల్చుకుందాం.