కొలతలు తీయకుండా కుట్టిన ప్రోగ్రాములు

మన కుటుంబాలలో కంప్యూటర్ వృత్తిలో లేనివారిని వెదకవలసిన రోజులివి. రసాయనశాస్త్రాన్నే నమ్ముకొన్న నావంటివాడు సాఫ్ట్‌వేర్ గురించి వ్రాయబూనడం కొందరికి సాహసమనిపించవచ్చు. అయితే తమ ప్రయోగశాలలకు ప్రత్యేకంగా ప్రోగ్రాములు వ్రాయించుకొనే సంస్థలు కొన్నేండ్లుగా నన్ను సలహాదారుగా పిలుస్తున్నాయి. అటు రసాయనజ్ఞులకు, ఇటు ప్రోగ్రామర్లకు నడుమ దుబాసీ పని అన్నమాట. కొనుగోలుదారు వ్రాసి ఇచ్చే కోరికల పట్టికలో ఆయనకు నిజంగా కావలసినది సగమైనా ఉండదని ఆ పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం.

త్రాగునీటిలో సీసమెంత ఉన్నదో పరీక్షించే ప్రయోగశాలనే తీసుకొనండి. పరికరం పసిగట్టగలిగిన పరిమాణానికి ఒక కనిష్ఠమైన హద్దు ఉంటుంది. ఫలితం అంతకన్న తక్కువైతే విశ్లేషకుడు సున్న వేయడు. "ఫలానా హద్దు కన్న తక్కువ" అని వ్రాస్తాడు. ఆయనకది ఊపిరి తీయడమంత సహజం గనుక పట్టికలో పేర్కొనడు. ప్రోగ్రామరేమో "ఫలితం" అన్న గడిలో అంకెలు తప్ప మరేమీ పట్టకుండా కట్టుదిట్టం చేస్తాడు. ఇక మిగిలిన దారి సున్న వేయడమే. సంవత్సరాంతంలో సగటు తీసినపుడు ఆ సున్నలన్నీ కలిసి నీటిని ఉన్నదానికంటె శుభ్రంగా చూపుతాయి. అట్లే 2.50 అని వ్రాస్తే కంప్యూటరు 2.5 అని దిద్దుతుంది. గణితంలో రెండూ ఒకటే. మాకు మాత్రం ఆ చివరి సున్న, కొలత ఎంత సూక్ష్మంగా జరిగినదో తెలిపే సాక్షి. ఇటువంటివి సమావేశాల గదిలో బయటపడవు. విశ్లేషకుని ప్రక్కన కుర్చీ వేసికొని, ఆయన నోటుపుస్తకం అంచులలో ఏమి గిలుకుతున్నాడో చూచినపుడే తెలుస్తాయి.

మా శాస్త్రంలో ఇందుకొక పాత మందు ఉన్నది. 100 మిల్లీలీటర్ల గాజుకుప్పెలో చక్కగా జరిగిన చర్యను ఎవరూ నేరుగా 1000 లీటర్ల పాత్రలోనికి దింపరు. పాత్ర పెరిగిన కొలది ఘనపరిమాణంతో పోల్చితే ఉపరితలం తగ్గిపోతుంది. పుట్టిన వేడి బయటికి పోయే దారి చాలక చర్య అదుపు తప్పవచ్చు. అందుకే నడుమ పైలట్ ప్లాంటు అనే మజిలీ. ఐ.బి.ఎం.లో ఓఎస్/360 నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్, 1975లో వెలువడిన 'ది మిథికల్ మ్యాన్-మంత్' గ్రంథంలో సరిగా ఈ పోలికనే తెచ్చి, మొదట కట్టినదానిని పారవేయడానికి సిద్ధపడమన్నాడు. 1995 నాటి కూర్పులో ఆ సలహా చాలదని, పనిచేసే చిన్న రూపంతో మొదలిడి, వాడేవారికి చూపుతూ పెంచుకొనిపోవడమే మేలని సవరించాడు. తన మాటను తానే అంత నిర్మొహమాటంగా దిద్దుకొనే గ్రంథకర్తలు మాలోనూ అరుదే.

ఈ మజిలీని దాటవేసినవారు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. అమెరికా ఎఫ్.బి.ఐ. తన కేసుల దస్త్రాలను కంప్యూటరుకెక్కించడానికి 2001లో తలపెట్టిన 'వర్చువల్ కేస్ ఫైల్' ప్రోగ్రామును, సుమారు 17 కోట్ల డాలర్లు వ్యయమైన పిదప 2005లో విడిచిపెట్టింది. కోరికలు స్థిరపడకపోవడం, నడుమ మారుతూ పోవడం ముఖ్యకారణాలలో ఒకటని ప్రభుత్వ తనిఖీలో తేలింది. దాని స్థానంలో వచ్చిన 'సెంటినెల్' కూడా తడబడింది. 2010లో సంస్థయే పనిని చేతికి తీసుకొని, చిన్న చిన్న విడతలుగా కట్టిన తరువాత 2012లో అది వాడుకకు వచ్చింది.

ఇక మనవారి సంగతి. నేనెరిగిన తెలుగు ప్రోగ్రామర్లలో నేర్పుకు కొదువలేదు. కాని కొనుగోలుదారు ఏది అడిగినా "అట్లాగేనండీ" అనడం మన పెంపకంలో ఉన్నది. "ఈ పని ఇప్పుడెట్లా చేస్తున్నారు? ఇది మీకెందుకు?" అని అడిగితే ఎదురుచెప్పినట్లవుతుందని సంకోచం. వీసా కోసం యజమానిపై ఆధారపడిన యువతీయువకులను ఇందుకు నిందించడం న్యాయం కాదు. ప్రశ్నలడిగి పని ఆలస్యం చేస్తున్నాడన్న మాట వారికి ఉద్యోగానికే ముప్పు. ఆ భారం మనలో కన్సల్టింగు సంస్థలు నడుపుతున్న పెద్దలు వహించాలి. ఒక వరుస ప్రోగ్రామైనా వ్రాయకముందు, వాడేవారి ప్రక్కన కూర్చొని చూడడానికి రెండు వారాల గడువును, దానికి రుసుమును ఒప్పందంలో విడిగా వ్రాయించాలి. బేరమాడే కొనుగోలుదారులు మొట్టమొదట కొట్టివేయజూచే పద్దు అదే. అక్కడ మాత్రం తగ్గరాదు.