ఊరి నుంచి ఒక సీసా బోరు నీళ్ళు

ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో మనలో చాలామంది చేసే ప్రయోగాలు రెండున్నాయి. ఒకటి ఈడీటీఏతో నీటి కాఠిన్యం కనుక్కోవడం, రెండోది ఆమ్లంతో నీటి క్షారత కనుక్కోవడం. వైన్ రెడ్ రంగు నీలంగా మారగానే బ్యూరెట్ రీడింగ్ రాసుకుంటాం, పక్కవాడి విలువతో ఒకసారి సరిచూసుకుంటాం, రికార్డు మీద సంతకం పెట్టించుకుని బయటపడతాం. ఆ రెండు విలువల తేడా చూస్తే ఒక బోరు నీళ్ళు ఆ పొలాన్ని చౌడు వైపు నడిపిస్తున్నాయో లేదో చాలావరకు తెలుస్తుంది. ఈ సంగతి మాత్రం వైవాలో ఎవరూ అడగరు. అందుకే నేననేది ఒక్కటే: ఈ ప్రయోగాలు ఎవరో కలిపి పెట్టిన శాంపిల్‌తో కాదు, మన ఊళ్ళ బోరు నీళ్ళతో చేద్దాం.

చౌడంటే సముద్రం పక్కనో, కాలువల కిందో ఉండేదని చాలామంది అనుకుంటారు. మెట్ట పొలాలకూ ఆ బాధ ఉంది. అనంతపురం లాంటి చోట ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండ లాగేయగల నీరు అంతకంటే చాలా ఎక్కువ. అలాంటి చోట బోరు వేసి తడి పెట్టినప్పుడు నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు చేలోనే మిగులుతుంది.

ఎంత మిగులుతుందో మనమే లెక్క వేయొచ్చు. నీటి ఈసీ 2 డెసీసీమెన్లు ఉందనుకుందాం. అంటే లీటరుకు దాదాపు 1,280 మిల్లీగ్రాముల లవణాలు. ఎకరంలో 5 సెంటీమీటర్ల తడి ఇస్తే పట్టే నీరు సుమారు 2 లక్షల లీటర్లు. ఆ ఒక్క తడితో చేలో దిగే ఉప్పు 250 కిలోల పైనే. రైతు తన చేతులతో అయిదు బస్తాల ఉప్పు తెచ్చి చల్లుకుంటాడా? బోరు స్విచ్ వేస్తే జరిగేది మాత్రం అదే.

పంటలన్నీ దీన్ని ఒకేలా తట్టుకోవు. నేల సంతృప్త ద్రావణంలో కొలిచిన ఈసీ 7.7 దాకా పత్తి, 6.8 దాకా జొన్న దిగుబడి తగ్గకుండా నిలబడతాయి. మా వైపు అందరూ నమ్ముకున్న వేరుశనగ 3.2 దాటగానే తగ్గడం మొదలుపెట్టి, 4.9 దగ్గర సగానికి పడిపోతుంది. అంటే బండి ఒకసారి జారడం మొదలైతే బ్రేకు వేసేంత టైమ్ ఉండదు.

ఇంకో చిక్కుంది. చౌడు ఒకటి కాదు. పాల చౌడులో నేల మీద తెల్లటి ఉప్పు పొర తేలుతుంది. దానికి కావలసింది మంచి నీరు, ఆ నీరు దిగిపోయే దారి. గట్లు వేసి వాన నీటిని చేలోనే నిలబెట్టి ఉప్పును వేళ్ళ కిందికి దింపాలి. కారు చౌడు వేరు. అందులో సోడియం బంకమట్టి రేణువులను పట్టుకుని విడదీస్తుంది. నేల తడిస్తే జిగట, ఎండితే రాయి. నీరు పైనే నిలబడిపోతుంది. దీనికి జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని బయటికి నెడుతుంది, ఆ తర్వాత నీటితో దాన్ని కడిగేయాలి. జీలుగ వేసి పూత దశలో కలియదున్నితే ఇంకా మేలు. పాల చౌడుకు జిప్సం వేస్తే డబ్బు దండగ, జిప్సం కూడా ఒక లవణమే. రోగం ఏదో తెలియకుండా మందు కొనడమంటే ఇదే.

మన టైట్రేషన్ల విలువ ఇక్కడే ఉంది. నీటిలో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు కలిపి కాల్షియం, మెగ్నీషియం కంటే ఎక్కువుంటే, నేలలోని కాల్షియం సున్నంగా గడ్డకట్టి పక్కకు పోతుంది. సోడియంకు మట్టి మొత్తం ఖాళీగా దొరుకుతుంది. ఆ మిగులునే ఆర్‌ఎస్‌సీ అంటారు. క్షారత, కాఠిన్యం రెంటినీ మనం కాల్షియం కార్బొనేట్ లెక్కన పీపీఎంలో రాస్తాం కదా. క్షారతలోంచి కాఠిన్యం తీసేసి 50తో భాగిస్తే ఆర్‌ఎస్‌సీ వచ్చేస్తుంది. 1.25 లోపు ఉంటే భయం లేదు. 2.5 దాటితే ఆ నీరు సేద్యానికి పనికిరాదంటారు. క్షారత 400, కాఠిన్యం 200 వస్తే ఆర్‌ఎస్‌సీ 4. ఆ నీటిని 1.25కు దించాలంటే, పైన చెప్పిన ఒక్కో తడికి దాదాపు 50 కిలోల జిప్సం కావాలి. ఆ నీటిని జిప్సం నింపిన తొట్టి గుండా పారించే పద్ధతి ఇప్పటికే ఉంది.

"ఇది వ్యవసాయ శాఖ పని కదా, మనకెందుకు?" అంటారు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. పీహెచ్, ఈసీ కూడా అందులో ఉన్నాయి, మంచిదే. కానీ అది మట్టి కార్డు. బోరు నీటికి అందులో గడి లేదు. ఉప్పు వచ్చే దారిని కొలవకుండా, వచ్చి చేరిన ఉప్పును మాత్రం కొలుస్తున్నాం. ఆ కార్డులో నీటికీ చోటివ్వాలని నా వాదన.

"డ్రిప్పు వేస్తే సరిపోతుంది" అనేవాళ్ళూ ఉన్నారు. నీరు తగ్గితే ఉప్పూ తగ్గుతుంది, నిజమే. కానీ వచ్చిన ఉప్పు తడి అంచున పేరుకుంటుంది, చిన్న వాన పడగానే వేళ్ళ దగ్గరికి జారుతుంది. డ్రిప్పు నీటిని ఆదా చేస్తుంది కానీ ఉప్పును మాయం చేయదు.

"స్టూడెంట్ల రీడింగులను ఎవరు నమ్ముతారు?" అన్నది న్యాయమైన ప్రశ్న. ఎకరానికి ఎంత జిప్సం వేయాలో మనం చెప్పొద్దు. దానికి మట్టి పరీక్ష కావాలి, అర్హత ఉన్న ల్యాబు కావాలి. మనం చెప్పాల్సింది ఒక్క మాటే: "పెద్దాయనా, ఈ నీళ్ళు ఒకసారి పెద్ద ల్యాబులో చూపించండి." థర్మామీటరు చూసి డాక్టరు దగ్గరికి పంపడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు.

ఖర్చు కూడా పెద్దగా లేదు. సివిల్ వాళ్ళ ల్యాబులో కండక్టివిటీ మీటరు ఉంటే ఈసీ ఒక్క నిమిషం పని. ఈడీటీఏ ఎలాగూ కలుపుతారు. బోరు కాసేపు ఆడనిచ్చి, సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించి తెస్తే చాలు. ఊరి పేరు, బోరు లోతు, వేసిన పంట మీద రాయండి. వీలైనంత త్వరగా టైట్రేట్ చేయాలి, నిల్వ ఉంటే బైకార్బొనేట్ మారిపోతుంది.

బోరు వేయడానికి చేసిన అప్పు అలాగే ఉండగా, అదే బోరు నీళ్ళకు చేను చౌడుబారితే ఆ రైతుకు మిగిలేది ఏముంది? సెలవులకు ఇంటికెళ్ళి తిరిగొచ్చేటప్పుడు పచ్చళ్ళ డబ్బాల పక్కన ఒక లీటరు సీసాకు చోటు పెట్టండి.