మంచం వచ్చింది, అడిగినది కాదు: జిల్లా దాటిన కొనుగోలులో వాపసు హక్కు ఎవరిది?

కోవిల్‌పట్టి, విరుదునగర్ పట్టణాల మధ్య ప్రయాణం ఇంచుమించు ఒక గంట. నడుమ సాత్తూరు. ఒకే జాతీయ రహదారి, ఒకే రైలు మార్గం ఈ పట్టణాలను కలుపుతున్నాయి. పరిపాలన లెక్కలో మాత్రం విరుదునగర్ 1985లో పాత రామనాథపురం జిల్లా నుంచి విడివడి జిల్లా కేంద్రమైంది. కోవిల్‌పట్టి 1986లో తిరునెల్వేలి జిల్లాను విభజించి ఏర్పరచిన తూత్తుకుడి జిల్లాలోకి వెళ్లింది. సంతకు, పెళ్లికి, బంధువుల ఇంటికి రాకపోకలు సాగించే కుటుంబాలకు ఈ గీత సాధారణంగా గుర్తుకు రాదు. ఒక జిల్లాలో కొన్న సరుకు మరొక జిల్లాలోని ఇంటికి తప్పుగా చేరిన రోజున మాత్రం అది అడ్డుగోడలా కనిపిస్తుంది.

ఈ ప్రాంతపు పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివిన కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసేవల్‌లో పుట్టిన ప్రఖ్యాత తమిళ రచయిత కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగే. ఇటువంటి కుటుంబాలకు ఎదురయ్యే ఇబ్బందే పలమనేరు, కుప్పం, నగరి, సత్యవేడు ప్రాంతాల నుంచి వేలూరు, గుడియాత్తం, తిరుత్తణి పట్టణాలకు వెళ్లి కొనుగోళ్లు చేసే సరిహద్దు కుటుంబాలకూ ఎదురవుతుంది. అక్కడ దాటేది జిల్లా గీత, ఇక్కడ దాటేది రాష్ట్రపు గీత. చట్టం దృష్టిలో రెండింటికీ సమాధానం ఒకటే. అందుకే కోవిల్‌పట్టి, విరుదునగర్ ఉదాహరణ సరిహద్దు గ్రామాలకు పరిశీలించదగినది.

ముహూర్తం ముందు, గొడవ తర్వాత

ఇంటి సామాను కొనుగోళ్లలో పెద్దది సాధారణంగా పెళ్లి సారె. మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబులు, సోఫా ఒకే దుకాణంలో కుదుర్చుకొని, బయానా ఇచ్చి, ముహూర్తానికి రెండు మూడు రోజుల ముందు తెప్పించుకోవడం వాడుక. ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. కోవిల్‌పట్టి దగ్గరి పల్లెకు చెందిన కుటుంబం విరుదునగర్ దుకాణంలో టేకు మంచం చూసి బేరం కుదుర్చుకుంది. టెంపోలో వచ్చిన మంచం చూపుకు అదే మాదిరి. విప్పి చూస్తే పక్క పలకలు ప్లైవుడ్డువి, బీరువా రంగు వేరు, అద్దం కొలత తక్కువ. ఇంట్లో చుట్టాలున్నారు, వియ్యంకుల వారు సారె చూడటానికి రానున్నారు. ‘ఇప్పుడు వెనక్కి పంపితే పరువు పోతుంది, పెళ్లయ్యాక చూసుకుందాం’ అని పెద్దలు సర్దిచెబుతారు.

వినియోగదారుడు ఓడిపోయేది సరిగ్గా ఈ ఘట్టంలోనే. పెళ్లి తర్వాత పదిహేను రోజులకు దుకాణానికి వెళితే ‘వాడిన సరుకు ఎలా తీసుకుంటాం?’ అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ మాట పూర్తిగా అన్యాయమైనదని చట్టం కూడా అనదు.

1930 నాటి వస్తు విక్రయ చట్టం ఈ విషయంలో ఇప్పటికీ ఆధారం. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోయి తీరాలన్నది 15వ సెక్షన్. నమూనా చూపి అమ్మితే ఆ నమూనాకు సరిపోవాలన్నది 17వ సెక్షన్. ఆర్డరు చేసిన వస్తువులతో వేరే రకం వస్తువులు కలిపి పంపితే, సరైన వాటిని ఉంచుకొని మిగిలినవి తిరస్కరించే హక్కు, లేదా మొత్తం తిరస్కరించే హక్కు 37వ సెక్షన్ ఇస్తుంది. ముందుగా చూడని సరుకును పరిశీలించుకునే తగిన అవకాశం దొరికేవరకు దానిని స్వీకరించినట్లు లెక్కించరాదని 41వ సెక్షన్ చెబుతుంది.

కాని 42వ సెక్షన్ హెచ్చరికను గమనించాలి. కొన్నవారు సరుకు స్వీకరించామని తెలిపినా, ఆ సరుకు ఇంకా అమ్మినవారిదే అన్న స్థితికి విరుద్ధమైన పని చేసినా, తిరస్కరిస్తున్నామని చెప్పకుండా తగిన కాలం దాటేవరకు తమ వద్దే ఉంచుకున్నా, స్వీకరించినట్లే. ఆ తర్వాత మొత్తం సరుకును తిరస్కరించే హక్కు సాధారణంగా పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. మంచం మీద పరుపు పరిచి వాడుకోవడం, నెల రోజులు మౌనంగా ఉండటం, ఈ రెండూ దుకాణదారుడి చేతికి ఆయుధాలవుతాయి.

తిరిగి మోయవలసిన బరువు ఎవరిది?

తప్పు సరుకు వచ్చినప్పుడు చాలా దుకాణాల్లో మొదట వినిపించే మాట ‘మీరే తెచ్చి అప్పగించండి, అప్పుడు చూస్తాం’ అన్నది. మంచం, బీరువా మళ్లీ టెంపో ఎక్కించాలంటే ఖర్చు, దించుడు కూలి, దారిలో గీతలు పడితే మరో తగాదా. అనేక కుటుంబాలు ఇక్కడే వెనక్కి తగ్గుతాయి. 43వ సెక్షన్ మాత్రం స్పష్టంగా ఉంది. వేరే ఒప్పందం లేని పక్షంలో, న్యాయంగా తిరస్కరించిన సరుకును తిరిగి చేర్చే బాధ్యత కొన్నవారిది కాదు. తిరస్కరిస్తున్నామని అమ్మినవారికి తెలియజేస్తే చాలు. సరుకును వాడకుండా, పాడవకుండా ఒక పక్కన ఉంచడం ఇంటివారు పాటించవలసిన జాగ్రత్త.

ఆ తెలియజేయడం నోటిమాటగా ఉంటే నిలవదు. ఫోనులో మాట్లాడిన రోజునే ఫొటోలతో సందేశం పంపి, ఒకటి రెండు రోజుల్లో రసీదు దొరికే విధంగా స్పీడు పోస్టులో ఉత్తరం పంపడం శ్రేయస్కరం. ఏ వస్తువు, ఏ తేదీన కుదిరింది, ఏమి వచ్చింది, ఏమి కోరుతున్నారు అన్న నాలుగు విషయాలు అందులో ఉంటే సరిపోతుంది. డెలివరీ చలానా మీద ‘సరుకు మంచి స్థితిలో అందింది’ అని ముద్రించి ఉంటే, సంతకం పక్కన ‘విప్పి చూడలేదు’ అని రాయడం మరువరాదు.

బిల్లు మీది వాక్యం చట్టం కాదు

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న వాక్యం బిల్లుల అడుగున తరచు కనిపిస్తుంది. దానిని చూసి వెనుదిరిగేవారు ఎందరో. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువును వాపసు తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. బిల్లులో గడువు ఉంటే ఆ గడువు లోపల, లేకపోతే 30 రోజుల లోపల వాపసు తీసుకోవాలి. నాణ్యత, పరిమాణం, ప్రమాణాలలో తక్కువతనం, ఒప్పందం ప్రకారం లేదా వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న దాని ప్రకారం లేకపోవడం కూడా చట్టం దృష్టిలో లోపమే. టేకు అని చెప్పి వేరే చెక్క ఇవ్వడం ఆ నిర్వచనంలోకే వస్తుంది. ఇంటర్నెట్ ద్వారా కొన్న సామానుకు 2020 ఇ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోవడానికి అక్కడి విక్రేత నిరాకరించరాదు.

బిల్లు ఇవ్వకపోవడం కూడా ఇదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. ఈ విషయంలో కొనుగోలుదారుల వైపు తప్పు కూడా లేకపోలేదు. చెక్క ఫర్నిచర్‌పై 18 శాతం జీఎస్టీ ఉంది. ‘బిల్లు వద్దంటే ఆ మేరకు తగ్గిస్తాం’ అన్న మాటకు ఒప్పుకొని, ఎస్టిమేటు చీటీతో సరిపెట్టుకునే కుటుంబాలు తగాదా వచ్చినప్పుడు చేతిలో ఆధారం లేక మిగులుతాయి. బిల్లు ఉన్నా అందులో ‘చెక్క మంచం ఒకటి’ అని మాత్రమే రాసి ఉంటే, టేకు అన్న మాట గాలిలో కలిసినట్లే. చెక్క పేరు, కొలతలు, రంగు, మోడలు రాయించుకోవడం రెండు నిమిషాల పని. చెక్క రకంపై వివాదం తలెత్తితే కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపగలదు. బెంగుళూరులోని చెక్క శాస్త్ర సాంకేతిక సంస్థ వంటి ప్రభుత్వ సంస్థలు చెక్క జాతిని గుర్తించగలవు.

వ్యాపారుల వాదన

దుకాణదారుల మాటలోనూ పాలు లేకపోలేదు. రంగు నచ్చలేదని, వియ్యంకులకు వేరే రకం కావాలని, గది చిన్నదని సరుకు తిప్పి పంపేవారు ఉంటారు. కొనుగోలుదారు ఇచ్చిన కొలతల ప్రకారం ప్రత్యేకంగా చేయించిన బీరువాను మరొకరికి అమ్మడం కష్టం. మనసు మారినందుకు వాపసు తీసుకోవాలని చట్టం ఎక్కడా నిర్బంధించలేదు. అటువంటి వాపసు దుకాణం మర్యాద మీద, ఒప్పందం మీద ఆధారపడిన విషయం. తప్పు సరుకుకు, నచ్చని సరుకుకు మధ్య ఉన్న ఈ తేడాను ఇరుపక్షాలూ గుర్తిస్తే సగం తగాదాలు దుకాణం గడప వద్దనే తీరుతాయి.

ఏ జిల్లాలో ఫిర్యాదు చేయాలి?

అసలు మార్పు వచ్చింది ఇక్కడే. 1986 నాటి పాత చట్టం కింద ఎదుటి పక్షం నివాసం లేదా వ్యాపారం ఉన్న చోట, లేదా వివాద కారణం తలెత్తిన చోట ఫిర్యాదు చేయవలసి ఉండేది. విరుదునగర్ దుకాణంపై ఫిర్యాదు అంటే శ్రీవిల్లిపుత్తూరులో ఉండే ఆ జిల్లా ఫోరం మెట్లు ఎక్కడమే అన్న భావన అలా ఏర్పడింది. వేరే జిల్లా, వేరే ఊరి వకీలు, వాయిదాకొక రోజు కూలి నష్టం. ఈ లెక్క చూసుకొని తప్పు మంచంతోనే సర్దుకుపోవడం చవక అని కుటుంబాలు తీర్మానించుకుంటే ఆశ్చర్యం లేదు.

2019 చట్టం 34వ సెక్షన్ ఈ లెక్కను మార్చింది. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా స్వయంగా పని చేసుకొని జీవించే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. కోవిల్‌పట్టి కుటుంబం తూత్తుకుడి కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. పలమనేరు కుటుంబం వేలూరు దుకాణంపై చిత్తూరు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. దుకాణదారుడే అక్కడికి వచ్చి సమాధానం చెప్పుకోవాలి. ఇంటర్నెట్ ద్వారా దాఖలు చేయడానికి 2020లో ఇ-దాఖిల్, దాని తర్వాత 2025 జనవరి 1న ఇ-జాగృతి ఏర్పాట్లు వచ్చాయి. వీడియో ద్వారా విచారణ కోరే వీలు కూడా చట్టంలోనే ఉంది.

చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. సారె సామాను కొనుగోళ్లు చాలామటుకు ఈ పరిమితిలోనే ఉంటాయి. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపల ఫిర్యాదు చేయాలి. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. అంతకుముందే 1915 నంబరు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి తెలుగులోనే ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. అక్కడి నుంచి వెళ్లిన ఫిర్యాదుతోనే రాజీకి వచ్చే దుకాణాలు ఉంటాయి. కమిషన్ వస్తువును మార్చి ఇవ్వమని, ధర వడ్డీతో తిరిగి ఇవ్వమని, పరిహారం, ఖర్చులు చెల్లించమని ఆదేశించగలదు. ఆ ఆదేశాన్ని పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

మిగిలిన లోపాలు

హక్కు కాగితం మీద బలంగా ఉన్నంత మాత్రాన చేతికి త్వరగా అందుతుందని చెప్పలేము. పరీక్షలు అవసరం లేని ఫిర్యాదులను మూడు నెలల్లో, అవసరమైన వాటిని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆ గడువు తరచు దాటిపోతున్నది. కమిషన్లలో అధ్యక్ష, సభ్య పదవుల ఖాళీలపై 2021లో సుప్రీంకోర్టు స్వయంగా విచారణ చేపట్టవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది.

సరిహద్దు కుటుంబాలకు భాష మరో చిక్కు. తమిళనాడు దుకాణం బిల్లు తమిళంలో ఉంటుంది, షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన ఇంటి పెద్ద ఏమి ఒప్పుకున్నారో తెలియకుండానే సంతకం చేస్తారు. సంతకానికి ముందు తమిళం తెలిసిన ఇంటి పిల్లల చేత ఒకసారి చదివించుకోవడం ఆ కుటుంబం చేయగలిగిన పని. సరిహద్దు పట్టణాల దుకాణాలు బిల్లుపై వాపసు షరతులను రెండు భాషల్లో ముద్రించేలా చూడటం ఇరు రాష్ట్రాల పౌర సరఫరాల అధికారులు, వర్తక సంఘాలు కలిసి చేయగలిగిన పని. అందుకు కొత్త చట్టం అవసరం లేదు.

సారె సామాను ఒక పేద కుటుంబానికి ఏళ్ల తరబడి కూడబెట్టిన పొదుపు. తప్పు మంచం వచ్చిన రోజున పరువు కోసం మౌనం పాటిస్తే ఆ పొదుపులో కొంత భాగాన్ని దుకాణానికి వదులుకున్నట్లే. వియ్యంకుల ముందు మంచం విప్పి చూడటంలో పరువు తక్కువ ఏమీ లేదు. ముహూర్తానికి రెండు రోజులు కాక పది రోజుల ముందు సరుకు తెప్పించుకుంటే తిరస్కరించే వ్యవధీ, మార్పించుకునే వ్యవధీ రెండూ దక్కుతాయి. జిల్లా గీత అడ్డును చట్టం తొలగించింది. సరుకు దిగిన రోజునే విప్పి చూసి, తప్పుంటే రాతపూర్వకంగా చెప్పడం మాత్రం ఇంటివారే చేయవలసిన పని.