ఊరి నడుం కొలిచే ఆశమ్మ గుండె ఎవరికి పట్టింది?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలల్లో మిరపకోతలు మొదలైతే తెల్లారకముందే కూలీల ఆటోలు కదులుతాయి. ఆ ఆటో కదిలేలోపే ఆశా కార్యకర్త గడపలో నిలబడాలి. తప్పితే మళ్లీ చీకటిపడ్డాకే మనిషి దొరికేది. ఆమె సంచిలో ఒక టేపు, ఒక ఫారం. 30 ఏళ్లు దాటినవాళ్ల నడుం కొలవాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. పొగాకు, మందు, ఇంట్లో ఉన్న బీపీ, షుగర్... అన్నీ లెక్కే. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి.

మరి ఆ టేపు ఆమె నడుముకు ఎవరు చుట్టారు?

గుండెజబ్బు షావుకార్ల రోగమనుకునేవాళ్లు వినండి. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ల మరణాల లెక్క తీస్తే దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఆశమ్మ కూడా పల్లె మనిషే. పైగా రాత్రి కాన్పు కేసుతో నిద్ర లేదు, పగలు సర్వేతో వేళకు తిండి లేదు. పచ్చడి మెతుకులు, చక్కెర టీ. ఆపైన ఫోను: "యాప్‌లో ఇంకా ఎక్కించలేదేం?" నిద్రలేమి, ఉప్పు, ఎడతెగని ఒత్తిడి. బీపీని పెంచేవన్నీ ఆమె ఉద్యోగంలోనే ఉన్నాయి. ఉద్యోగం అన్నానా? తప్పు. 2005లో పథకం పుట్టిననాటి నుంచీ సర్కారు కాగితాల్లో ఆమె స్వచ్ఛంద కార్యకర్తే!

ఇచ్చినవి కాదనం. 2019లో 3 వేల గౌరవ వేతనం 10 వేలయింది. 2024 కేంద్ర బడ్జెట్ ఆయుష్మాన్ భారత్‌లో చేరుస్తామంది. 2025లో రాష్ట్రం ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ ప్రకటించింది. ఇవి రోడ్డెక్కి సాధించుకున్నవి, ఎవరి దానమూ కాదు. కానీ బీమా కార్డు ఆస్పత్రి మంచం ఎక్కాక పనికొస్తుంది. బీపీ మిషను ఆ మంచం ఎక్కకుండా కాపాడుతుంది.

బీపీ చెప్పి రాదు. ఆడవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి దవడనొప్పిగా, వెన్నునొప్పిగా, ఆయాసంగా వస్తుంది. గ్యాసేమోనని సోడా తాగి మళ్లీ సర్వేకు పోతారు. కాన్పులప్పుడు బీపీ వచ్చినవాళ్లకు తర్వాత ముప్పు మరీ ఎక్కువ. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషికే తన బీపీ అంకె తెలియకపోతే అది ఎవరి నేరం?

మేం చందమామను అడగడం లేదు. ఆశా డే అని పీహెచ్‌సీకి పిలిచి రిజిస్టర్లు చూస్తారు కదా, ఆ రోజే ఆశాలకు, ఏఎన్ఎంలకు బీపీ చూడండి. ఏడాదికోసారి షుగర్, కొలెస్ట్రాల్ పరీక్ష చేయండి. మందులు అక్కడే ఇవ్వండి. రాత్రి కాన్పుకు తోడెళ్లినామెకు మర్నాడు వేతనంతో సెలవివ్వండి. ఆమెను ఉద్యోగిగా గుర్తించండి.

ఉద్యోగ మిత్రులారా, విద్యార్థులారా! రేపు మీ గడపకు ఆశమ్మ టేపుతో వస్తే ముందు ఒక్క మాట అడగండి: "నీ బీపీ ఎంతమ్మా?" ఆమె చెప్పలేకపోతే, అదే ప్రశ్న కలెక్టరాఫీసు ముందు మనమంతా కలిసి అడుగుదాం.