యాభై ఎకరాల జూ ఏం చేయాలి?

వరంగల్ హంటర్ రోడ్డులోని కాకతీయ జూకి 2025లో పులులు వచ్చాయి. హైదరాబాద్ నెహ్రూ జూ నుంచి శంకర్, కరీనా అనే జంటను తీసుకొచ్చి, కొత్తగా కట్టిన ఎన్‌క్లోజర్‌లో వదిలారు. వాటి వెంట అడవి దున్నలు కూడా వచ్చాయి. 1985లో మొదలై, జనం నోట వన విజ్ఞాన కేంద్రంగా నానిన ఈ చిన్న జూకి ఇది పెద్ద పండగే. ఆదివారం పూట వెళ్తే తెలుస్తుంది. నక్కల దగ్గర పిట్ట కూడా ఉండదు. పులి దగ్గర మాత్రం పిల్లల్ని భుజాల మీదెక్కించుకున్న నాన్నలు, ఫోన్లు పైకెత్తిన కుర్రాళ్లు, "ఏయ్, ఇటు సూడు!" అని పులినే పిలిచే పెద్దమనుషులు. అది ఒక్కసారి తల తిప్పితే చాలు, టికెట్ డబ్బులు గిట్టుబాటైనట్టే.

పులుల మీద నాకు పేచీ లేదు. జనం రావాలి, గేటు ఆదాయం పెరగాలి. నా భయమల్లా తర్వాతి అడుగు గురించే. పులి తర్వాత సింహం అడుగుతాం, సింహం తర్వాత జీబ్రా, ఆ తర్వాత జిరాఫీ. ఇదంతా ఉన్నది సుమారు యాభై ఎకరాల్లో. మీర్ ఆలం చెరువు పక్కన 1963లో తెరిచిన నెహ్రూ జూది 380 ఎకరాలు. విశాఖ జూది ఆరొందల పైచిలుకు. తిరుపతిది వేల ఎకరాల లెక్క. వాటితో పోటీకి దిగితే వరంగల్ జూ ఎప్పటికీ హైదరాబాద్‌కి తమ్ముడుగానే మిగిలిపోతుంది. అన్న వాడి వదిలేసిన జంతువులే మనకు దక్కుతాయి.

యాభై ఎకరాలు తక్కువేం కాదని చెప్పడానికి ఒక దీవి దాకా వెళ్లాలి. ఇంగ్లాండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో ఉన్న జెర్సీ. మన పాలకేంద్రాల్లో కనిపించే జెర్సీ ఆవుల పుట్టిల్లు అదే. అక్కడ 1959లో గెరాల్డ్ డరెల్ అనే రచయిత ఒక పాత జమీందారీ భవనాన్ని అద్దెకు తీసుకుని జూ తెరిచాడు. ఆయన పుట్టింది మన జంషెడ్‌పూర్‌లో, 1925లో. ముందు ఇంగ్లాండులోని బోర్న్‌మత్‌లో చోటు కోసం అధికారుల చుట్టూ తిరిగాడు. కాళ్లరిగాయి గానీ చోటు దొరకలేదు. చివరికి ఈ దీవిలో దొరికింది. విస్తీర్ణం 32 ఎకరాలు.

ఆ 32 ఎకరాలు ప్రపంచంలోని జూ నిపుణులందరికీ తెలుసు. కారణం పులో ఏనుగో కాదు. అక్కడ గొరిల్లాలూ ఒరాంగుటాన్లూ ఉన్న మాట నిజమే. 1986లో ఒక ఐదేళ్ల పిల్లాడు గొరిల్లాల ఎన్‌క్లోజర్‌లో పడిపోతే, జాంబో అనే మగ గొరిల్లా వాడికి కాపలాగా నిలబడి, వీపు నిమిరింది. ఆ వీడియో లోకమంతా చూసింది. అయితే ఆ జూ పరువు నిలబెట్టినవి ఎవరూ ఫొటో తీసుకోని చిన్న ప్రాణులు: మారిషస్ గులాబీ పావురం, అదే దీవి డేగ, కొమొరోస్ దీవుల గబ్బిలం, అస్సాం పొట్టి అడవి పంది. మారిషస్ డేగలు 1974లో అడవిలో నాలుగే కనిపించాయి. అడవిలో గులాబీ పావురాలు 1990ల మొదట్లో పది దాకా మాత్రమే ఉండేవి. ఇప్పుడు రెండూ వందల్లో ఉన్నాయి. ఆ పని మారిషస్‌లో ఉన్నవాళ్లు చేసిందే ఎక్కువ. జెర్సీ వంతు అండగా నిలబడడం, మనుషులకు శిక్షణ ఇవ్వడం, కొన్ని జంటల్ని తన దగ్గర పెంచడం. జూ గుర్తుగా అంతరించిపోయిన డోడో పక్షిని పెట్టుకున్నారు. పులి బొమ్మ పెట్టుకుని ఉంటే ఇంత మాట్లాడుకోవలసిన పని ఉండేది కాదు.

డరెల్ పెట్టుకున్న వరస ఒకటుంది. ఎన్‌క్లోజర్ కట్టేటప్పుడు మొదట జంతువు అవసరం చూడాలి, తర్వాత కీపర్ అవసరం, ఆఖరున చూడ్డానికి వచ్చేవాళ్ల అవసరం. మన దగ్గర ఈ వరస ఎప్పుడూ తిరగబడే ఉంటుంది. జనం నిలబడే మెట్లు, సెల్ఫీ పాయింటు, స్వాగత ద్వారం ముందు. కీపర్ తలుపు తీసి మాంసం లోపల పెట్టే గది, జంతువును కదలకుండా పట్టి మందు ఇచ్చే స్క్వీజ్ కేజ్, రాత్రి పడుకునే నైట్ హౌస్ తర్వాత. కేంద్ర జూ అథారిటీ 1992 నుంచి నిబంధనలతో ఇవన్నీ తప్పనిసరి చేసింది కాబట్టి ఇప్పుడు కాస్త నయం. అయినా కొత్త ఎన్‌క్లోజర్ ప్రారంభోత్సవాల ఫొటోలు చూడండి. రిబ్బన్ ఎటువైపు కట్టి ఉంటుందో, అటే జనం. నైట్ హౌస్ వైపు ఎవరూ కత్తెర పట్టుకుని వెళ్లరు.

పుట్టుకల సంగతికి వద్దాం. కొత్త జంట వచ్చిందంటే జనం అడిగే మొదటి ప్రశ్న "పిల్లలు ఎప్పుడు?" ఆడపులి గర్భం మూడున్నర నెలలే, ఒక కాన్పులో రెండు మూడు కూనలు మామూలే. పేపర్లో ముద్దొచ్చే ఫొటో పడుతుంది, మంత్రిగారు పేర్లు పెడతారు. రెండేళ్లు గడిచాక ఆ పిల్లలు ఏమవుతాయి? అడవిలోకి వదలడం కుదరదు. మరో జూకి పంపాలంటే అక్కడా గదులు నిండి ఉంటాయి. పెరిగిన పులికి రోజూ కిలోల కొద్దీ మాంసం కావాలి, దానికంటూ వేరే నైట్ హౌస్ కావాలి.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ జూలో 2014 ఫిబ్రవరిలో మారియస్ అనే ఆరోగ్యంగా ఉన్న కుర్ర జిరాఫీని చంపేశారు. దాని రక్తసంబంధం ఉన్న జిరాఫీలు యూరప్ జూల్లో ఇప్పటికే ఎక్కువయ్యాయని చెప్పి, దాని మాంసాన్ని సింహాలకు వేశారు. లోకమంతా ఛీకొట్టింది. మన చట్టం, మన మనసు, రెండూ దానికి ఒప్పుకోవు. ఒప్పుకోవు కాబట్టే కూనలు పుట్టక ముందే మనం లెక్క చూసుకోవాలి. జెర్సీలాంటి చోట్ల ఏ జంటను కలపాలి, దేన్ని ఆపాలి అన్నది స్టడ్‌బుక్ చూసి నిర్ణయిస్తారు. తల్లెవరు, తండ్రెవరు, తాత ఏ అడవిలో పట్టుబడ్డాడు అన్న వంశవృక్షం అది.

ఆ లెక్క లేకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే దేశం చెప్పనక్కర్లేదు. సర్కస్‌లలో సింహాలు, పులులతో ఆటలాడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పుడు రోడ్డున పడ్డ సింహాల కోసం విశాఖలో, తిరుపతిలో రెస్క్యూ సెంటర్లు పెట్టారు. వచ్చినవాటిలో చాలావరకు ఆసియా, ఆఫ్రికా రక్తం కలిసిపోయిన సంకర సింహాలు. గిర్ అడవికి పనికిరావు, ఏ సంరక్షణ కార్యక్రమంలోనూ చోటు లేదు. వాటిని కలవనివ్వకుండా, ముసలితనం వచ్చి పోయేదాకా మేపడమే మిగిలిన దారి. సర్కస్ వాళ్లకు ప్రతి కూనా ఒక సంబరమే అయి ఉంటుంది. బిల్లు మాత్రం ఏళ్ల తరబడి రెస్క్యూ సెంటర్లు కట్టాయి.

అయితే కాకతీయ జూ ఏ జంతువును తనదనుకోవాలి? దానికి జవాబు వెతకడానికి జెర్సీ దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ దాకా రెండున్నర గంటల ప్రయాణం చాలు, జవాబు జరిని పంది.

జరిని పందిని మనలో చూసినవాళ్లు తక్కువ. పేరులో పంది ఉన్నా అది పంది కాదు, జింకలా కనిపించినా జింక కాదు. కుందేలు కంటే కాస్త పెద్దది, మూడు కిలోల దాకా బరువు. ఒంటి మీద తెల్లచుక్కలు, చారలు. కాళ్లు పెన్సిల్ మందం. కొమ్ములుండవు. మగదానికి పైదవడ నుంచి రెండు కోరలు కిందికి దిగి ఉంటాయి. బెదిరితే వెనక కాళ్లతో నేలను దబదబ వాయిస్తుంది. పగలంతా ఏ చెట్టు తొర్రలోనో, రాతి సందులోనో నక్కి ఉంటుంది. ఆదివారం జనానికి అది అస్సలు పనికిరాదు, ఎందుకంటే కనిపించదు.

ఈ కనిపించని జంతువును నెహ్రూ జూ, సీసీఎంబీకి చెందిన అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల కలిసి 2010 నుంచి పెంచాయి. పది కూడా లేని గుంపుతో మొదలుపెడితే, ఏడేళ్లు తిరక్కముందే రెండొందలు దాటాయి. జనం చూపు తగలకుండా, చిన్న చిన్న గదుల్లో పెంచారు. ఈనిన కొద్ది గంటల్లోనే తల్లి మళ్లీ చూలు కట్టగలదు కాబట్టి ఏ మగదాన్ని ఎప్పుడు వేరు చేయాలో కీపర్‌కి తెలిసి ఉండాలి. 2017 నుంచి కొన్నింటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ముందు కంచె లోపల అలవాటు చేసి, ఆపైన అడవిలోకి వదిలారు. జూలో పుట్టి, అడవికి వెళ్లి, పిల్లల్ని కని బతికి, చిరుతకు ఆహారమయ్యే జంతువు. పులి కూనకు ఈ అదృష్టం లేదు.

ఈ పని చేసింది హైదరాబాదే కదా, వరంగల్‌కి ఎందుకు అంటారా? అన్నీ ఒకేచోట ఉండకూడదు కాబట్టి. 2000 జులైలో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో కొద్దిరోజుల్లోనే డజను పులులు రక్తపరాన్నజీవి జబ్బుతో చచ్చిపోయాయి. 2021లో నెహ్రూ జూలోనే ఎనిమిది సింహాలకు కరోనా సోకింది, అదృష్టం బాగుండి కోలుకున్నాయి. ఒక గుంపుకు రెండో ఇల్లుండడం అవసరం. ఆ రెండో ఇంటికి చిన్న జూ సరిపోతుంది. ఒక జరిని పంది జంటకు కావలసిన చోటు పులి నైట్ హౌస్‌లో ఒక గది కంటే ఎక్కువ ఉండదు.

వదలడానికి అడవి కూడా దగ్గరే ఉంది. 1950లలోనే అభయారణ్యాలైన పాకాల, ఏటూరునాగారం మన పొరుగువే. 2024 ఆగస్టు ఆఖర్లో తాడ్వాయి, మేడారం దారిలో గాలివాన వేల చెట్లను ఒక్కపూటలో కూల్చేసింది. ఆ అడవి ఎలా కోలుకుంటుందో చూసేవాళ్లు కావాలి, దానిలోకి ఏ ప్రాణుల్ని ఎప్పుడు వదలొచ్చో తేల్చేవాళ్లు కావాలి. అదే ఏడు డిసెంబరులో నల్లబెల్లి మండలంలో పులి అడుగులు కనిపించి ఊళ్లు హడలిపోయాయి. అంటే మన అడవులకు పెద్దపులి తనంతట తానే వస్తోంది. జూ సాయం కావలసింది దానికి కాదు, అది తినే చిన్నవాటికి. జరిని పంది కుదరదని సర్వే తేలిస్తే నాలుగు కొమ్ముల కొండగొర్రె ఉంది. అదీ ఎవరూ పట్టించుకోని జంతువే.

పోలిక పూర్తిగా అతకదని నాకూ తెలుసు. జెర్సీ జూ ఒక ట్రస్టు చేతిలో ఉంది. డరెల్ జూ ఆవరణలోని ఇంట్లోనే ఏళ్ల తరబడి కాపురం ఉన్నాడు. మన దగ్గర అధికారికి రెండు మూడేళ్లకోసారి బదిలీ. కీపర్ ఉద్యోగం ఔట్‌సోర్సింగ్ మీద నడిస్తే, ఒక జంతువు ఈనేముందు ఎలా మెలుగుతుందో కళ్లతో నేర్చుకున్నవాడు ఏజెన్సీ మారగానే పోతాడు, వాడి విద్యా వాడితోనే పోతుంది. నన్నడిగితే వరంగల్ జూకి ఎకరాల కరువు లేదు, ఒకేచోట పదేళ్లుండే మనిషి కరువు ఉంది. జెర్సీ ఈ సంగతి ముందే పట్టుకుంది. జంతువుల కంటే ముందు మనుషుల్ని తయారుచేయాలని శిక్షణ కేంద్రం పెట్టి, ఎన్నో దేశాల వాళ్లకు నేర్పి పంపింది. అస్సాంలో 1996లో మానస్ నుంచి పట్టిన ఆరు పొట్టి అడవి పందులతో మొదలైన కార్యక్రమానికి ఆ జెర్సీ ట్రస్టే తోడుంది. 2008 నుంచి వాటి సంతతి తిరిగి గడ్డిమైదానాలకు చేరుతోంది. నడిపిస్తున్నది అస్సాం వాళ్లే.

అలాంటి మనుషుల్ని తయారుచేసే చోట్లు వరంగల్‌లోనే ఉన్నాయి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ విభాగం ఉంది. ఒక బ్యాచ్ పిల్లలు జూలో ఒక జంతువు మీద పదేళ్ల రికార్డు రాస్తే, ఆ పుస్తకం ఎన్‌క్లోజర్ కంటే విలువైనది.

పులుల్ని చూడ్డానికి వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి. ఎన్‌క్లోజర్ ముందు బోర్డు మీద పేరు, బరువు, ఆయుష్షుతో పాటు ఇది ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రులెవరు, దీని పిల్లలు ఎక్కడికి వెళ్తాయి అన్నవి రాయమని అడగండి. అటవీ శాఖ కూడా కాకతీయ జూ కోసం మరో పెద్ద జంతువును తెచ్చే ఫైలు కదిపే ముందు, జనం కంటపడని ఒక మూలన జరిని పందుల షెడ్డుకీ, బదిలీ లేని ఇద్దరు కీపర్లకీ మంజూరు ఇవ్వాలి.