బిల్డ్ సరే... దాని వెనక లెక్క చెప్పగలరా?

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఆ తర్వాత మీ కాలేజీ గ్రూపుల్లోనూ ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది: ‘గేమింగ్ మొత్తం బ్యాన్ అయిపోయిందా? ఇక అందులో కెరియర్ లేనట్టేనా?’

సూటిగా చెప్పాలంటే, అలా ఏమీ కాలేదు. ఆ చట్టం ఆటలను మూడు రకాలుగా విడదీసింది. ఈ-స్పోర్ట్స్ ఒకటి, సరదాకో నేర్చుకోవడానికో ఆడే సోషల్ గేమ్స్ రెండోది. ఈ రెండింటినీ ప్రోత్సహిస్తామంది. డబ్బు పెట్టి, డబ్బు గెలుస్తామనే ఆశతో ఆడే మనీ గేమ్స్ మూడోది. నిషేధం దీని మీదే. అలాంటి ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. డ్రీమ్11, ఎంపీఎల్ లాంటి సంస్థలు డబ్బు పోటీలు ఆపేశాయి. ఆ రంగంలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. నిజానికి మన తెలుగు రాష్ట్రాలకు ఈ నిషేధం కొత్త కాదు. ఆన్‌లైన్ రమ్మీ లాంటి పందెం ఆటల మీద తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్టం తెచ్చాయి.

మరి రాత్రి పన్నెండు దాకా హాస్టల్ గదిలో మీరు ఆడే ఎల్డెన్ రింగ్, పాత్ ఆఫ్ ఎగ్జైల్, బ్లాక్ మిత్: వుకాంగ్ సంగతేంటి? ఇవి యాక్షన్ ఆర్‌పీజీలు. పందెం ఆటలు కావు. వీటి జోలికి చట్టం రాలేదు. పైగా ఇలాంటి ఆటలు తయారు చేసే పనికి ప్రభుత్వాలు ఇప్పుడు యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్‌తో సమానంగా పెద్దపీట వేస్తామంటున్నాయి. ఈ రంగాలన్నిటికీ కలిపి శిక్షణ ఇచ్చేందుకు ఐఐసీటీ అనే సంస్థ 2025 జులైలో ముంబైలో మొదలైంది.

కాబట్టి అసలు ప్రశ్న చట్టం గురించి కాదు. ఏ ఆయుధానికి ఏ స్కిల్ పెట్టాలి, ఏ పాయింటు ఎక్కడ వేయాలి అని మీరు గంటలు గంటలు పెట్టే ఆలోచనకు ఉద్యోగ మార్కెట్లో విలువ ఉందా? ఉంది. కాకపోతే ఒక షరతు ఉంది. మీ బిల్డ్ ఎందుకు పనిచేస్తుందో లెక్కతో చూపించగలగాలి.

బిల్డ్ అంటే పంపకం

ఆర్‌పీజీలో ఎవరికీ అన్నీ దక్కవు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఉన్న నీటినే తూర్పు కాలువలకూ పడమటి కాలువలకూ పంచాలి కదా, ఇదీ అంతే. ఉన్న పాయింట్లనే బలానికి, వేగానికి, ప్రాణానికి, మాయాశక్తికి పంచాలి. ఒకచోట పెంచితే ఇంకోచోట తగ్గుతుంది. ఆ పంపకమే బిల్డ్.

చాలామంది చేసే పని ఏంటంటే, యూట్యూబ్‌లో ‘బెస్ట్ బిల్డ్’ అని కొట్టి, ఆయన ఎక్కడ పాయింట్లు వేస్తే అక్కడ వేసేయడం. ఆట గెలవడానికి అది చాలు. ఇంటర్వ్యూకి మాత్రం చాలదు. ఒక చిన్న ఉదాహరణ చూడండి. అంకెలు అర్థం కావడం కోసం నేను వేసుకున్నవే.

మీ దగ్గర ఒక కత్తి, ఒక గొడ్డలి ఉన్నాయి. కత్తి దెబ్బకు 100 నష్టం, సెకనుకు 2 దెబ్బలు. అంటే సెకనుకు 200. గొడ్డలి దెబ్బకు 150, సెకనుకు 1.2 దెబ్బలు. అంటే 180. కాగితం మీద కత్తే గొప్ప. ఇప్పుడు శత్రువుకు ప్రతి దెబ్బలోంచి 40 తగ్గించే కవచం ఉందనుకోండి. కత్తి దెబ్బ 60కి పడిపోతుంది, సెకనుకు 120. గొడ్డలి దెబ్బ 110 అవుతుంది, సెకనుకు 132. గెలుపు గొడ్డలిది! ఆయుధాలు మారలేదు, ఎదుటివాడు మారాడంతే. ‘ఏది బెస్ట్?’ అని అడిగితే ‘ఎవరి మీద?’ అని తిరిగి అడిగే అభ్యర్థినే స్టూడియోలో మనుషులు గుర్తుపెట్టుకుంటారు.

కూడికా? గుణకారమా?

ఇంకో మెట్టు ఎక్కుదాం. మీ మూల నష్టం 100. ఇప్పటికే రకరకాల వస్తువుల వల్ల 200 శాతం పెరిగి 300 అయింది. ఇప్పుడు రెండు ఉంగరాలు దొరికాయి. ఒకటి 30 శాతం ఇస్తుంది, కానీ పాత 200 శాతంతో కూడుతుంది. రెండోది 20 శాతమే, కానీ మొత్తాన్ని గుణిస్తుంది. చూడగానే చేయి 30 మీదకు పోతుంది. లెక్క చూస్తే మొదటిదానితో 330, రెండోదానితో 360. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో ‘ఇంక్రీజ్డ్’, ‘మోర్’ అనే రెండు మాటలు కనిపిస్తాయి. మొదటిది కూడిక, రెండోది గుణకారం. ఆ తేడా పట్టుకోకుండా ఆడేవాళ్లకు వంద గంటల తర్వాత కూడా తమ దెబ్బ ఎందుకు తక్కువ పడుతోందో తెలియదు.

మూడో సంగతి, ఎక్కడ ఆపాలో తెలియడం. ఎల్డెన్ రింగ్‌లో ప్రాణాన్ని పెంచే ‘విగర్’ 40 దాటాక ఒక్కో పాయింటుకు వచ్చే లాభం తగ్గుతుంది, 60 దాటాక మరీ తగ్గిపోతుంది. ఎరువు బస్తాలు రెట్టింపు చేస్తే దిగుబడి రెట్టింపు కాదని మన డెల్టా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటలోనూ అదే సూత్రం. తర్వాతి పాయింటు ఎక్కడ వేస్తే ఎక్కువ లాభమో ప్రతిసారీ చూసుకోవాలి.

మార్చుకునే వీలు ఉండాలా?

ఇప్పటిదాకా ఆటగాడి వైపు నుంచి చూశాం. ఇక ఆట తయారు చేసేవాళ్ల వైపు వద్దాం. తప్పు బిల్డ్ వేసిన ఆటగాడికి పాయింట్లు వెనక్కి ఇవ్వాలా, వద్దా? 2000లో వచ్చిన డయాబ్లో 2లో వేసిన స్కిల్ పాయింటు వేసినట్టే. వెనక్కి తీసుకునే మార్గం 2010లో గానీ రాలేదు. ఎల్డెన్ రింగ్‌లో మార్చుకోవచ్చు, కానీ దానికి కావాల్సిన వస్తువు ఆటలో కొన్నే దొరుకుతాయి. అదే ఆటలో ఆయుధానికి పెట్టే ‘యాష్ ఆఫ్ వార్’ స్కిల్‌ను మాత్రం తీసి ఇంకో ఆయుధానికి వేసుకోవచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన బ్లాక్ మిత్: వుకాంగ్‌లో పాయింట్లు ఉచితంగా, ఎన్నిసార్లయినా తిరిగి పంచుకోవచ్చు.

ఇందులో ఏది సరైనది? ఒకటే జవాబు లేదు. మార్చుకోవడం ఖరీదైతే నిర్ణయానికి బరువు వస్తుంది, కానీ కొత్తవాడు భయపడి యూట్యూబ్ బిల్డే కాపీ కొడతాడు. ఉచితమైతే ప్రయోగాలు పెరుగుతాయి, కానీ ‘ఇది నా పాత్ర’ అనే మమకారం తగ్గుతుంది. డిజైనర్ ఉద్యోగం అంటే ఇలాంటి ప్రశ్నలకు రోజూ జవాబు వెతకడమే.

ఆ జవాబు తప్పితే ఏమవుతుందో 2023 జులైలో చూశాం. డయాబ్లో 4కు వచ్చిన 1.1.0 ప్యాచ్ చాలా బిల్డ్‌ల బలాన్ని ఒక్క దెబ్బకు తగ్గించేసింది. ఆటగాళ్లు భగ్గుమన్నారు. కొన్ని రోజుల్లోనే డెవలపర్లు లైవ్‌లోకి వచ్చి, ఇకపై ఇలాంటి ప్యాచ్ ఇవ్వబోమని చెప్పాల్సి వచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో కొన్ని అంకెలు మారితే అంత గొడవ! ఆ అంకెల బాధ్యత మోసే మనిషికే జీతం ఇస్తారు.

ఆటలో ఫైట్ మాస్టర్

మన సినిమాల్లో ఫైట్ మాస్టర్ ఉంటారు కదా. హీరో ఎటు తిరగాలి, రౌడీ ఎప్పుడు ఎగిరిపడాలి అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. ఆటల్లో ఆ పని కంబాట్ డిజైనర్‌ది. ఒకటే చిక్కు, ఇక్కడ హీరో కంట్రోలర్ ఎవరి చేతిలో ఉంటుందో ఆయనకు తెలియదు. అంకెలు, లెవెళ్లు, రివార్డులు చూసుకునేవారు సిస్టమ్స్ డిజైనర్లు. ఇదంతా కోడ్‌గా మార్చేవారు గేమ్‌ప్లే ప్రోగ్రామర్లు. తప్పులు పట్టేది క్యూఏ టెస్టర్లు. విడుదలయ్యాక ఏ ఆయుధాన్ని ఎంతమంది వాడుతున్నారో చూసేది డేటా అనలిస్టులు.

ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం. విజయవాడలో కూర్చుని ఈ ఉద్యోగం వెతికితే నిరాశే ఎక్కువ. గన్నవరం దగ్గర హెచ్‌సీఎల్ లాంటి ఐటీ సంస్థ ఉంది గానీ, పెద్ద ఆటల స్టూడియోలు ఇక్కడ లేవు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ హైదరాబాద్‌లో ఉంది. రాక్‌స్టార్ బెంగళూరులో, యూబీసాఫ్ట్ పుణె, ముంబైల్లో ఉన్నాయి. అక్కడ కూడా ఫ్రెషర్‌ను నేరుగా కంబాట్ డిజైనర్‌గా తీసుకోవడం అరుదు. ఎక్కువమందికి తలుపు తెరుచుకునేది క్యూఏ దగ్గరో, ప్రోగ్రామింగ్ దగ్గరో. మొబైల్ గేమ్స్ మీద పని ఎక్కువ, యాక్షన్ ఆర్‌పీజీల మీద తక్కువ.

అయినా దారి లేకపోలేదు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న జట్టు ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ చేసింది. త్రిశూలం, విల్లు, కత్తి-డాలు పట్టి పోరాడే అమ్మాయి కథ. 2017లో ప్రజల నుంచి డబ్బు సేకరించాలని కిక్‌స్టార్టర్‌లో పెడితే లక్ష్యం చేరలేదు. జట్టు వదల్లేదు. 2020లో ఆట బయటికొచ్చింది, అదే ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ తొలి ఆట విభాగంలో నామినేట్ అయింది.

పేటీఎం కొట్టేముందు...

ఉద్యోగం రాకముందే జేబు ఖాళీ చేసే ఆటలూ ఉన్నాయి. జెన్‌షిన్ ఇంపాక్ట్ కూడా యాక్షన్ ఆర్‌పీజీయే. అందులో మంచి పాత్రలు, ఆయుధాలు లాటరీ తీసినట్టు ‘విష్’ చేస్తే వస్తాయి. ఫైవ్ స్టార్ పాత్ర ఒక్కో విష్‌కు వచ్చే మూల అవకాశం 0.6 శాతం. 50 విష్‌లు చేస్తే? 0.994ను 50 సార్లు గుణిస్తే దాదాపు 0.74. అంటే నాలుగింట మూడొంతుల సార్లు చేతికేమీ రాదు. 90వ విష్‌కు మాత్రం ఫైవ్ స్టార్ ఖాయం, అదీ మీరు కోరుకున్న పాత్రే కావాలని లేదు. ఇంటర్‌లో చదివిన ప్రాబబిలిటీ ఇదే. ఇంటి నుంచి వచ్చిన నెల ఖర్చు డబ్బులు ఇందులో పెట్టేముందు ఈ లెక్క ఒకసారి వేయండి.

ఈ సెమిస్టర్‌లోనే చేయగలిగినవి

రెజ్యూమెలో ‘హాబీస్: గేమింగ్’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. దాని బదులు ఈ నాలుగూ చేయండి.

ఒకటి, మీరు బాగా ఆడే ఒక్క ఆట తీసుకోండి. ఒకే శత్రువు మీద ఒకే ఆయుధంతో వంద దెబ్బలు కొట్టి, ప్రతి అంకె ఎక్సెల్‌లో రాయండి. ఒక పాయింటు పెంచి మళ్లీ కొట్టండి. ఆట వాడే సూత్రాన్ని మీరే ఊహించి, అది ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ తప్పిందో రెండు పేజీల్లో పెట్టండి.

రెండు, పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్ రాయండి. రెండు బిల్డ్‌లను పదివేల సార్లు పోట్లాడించండి. సగటు మాత్రమే చూడకండి, ఎన్నిసార్లు ఘోరంగా ఓడిందో కూడా చూడండి. సగటు బాగున్నా నిలకడ లేని బిల్డ్‌తో ఆటగాడికి చిరాకే.

మూడు, గొడాట్ ఇంజిన్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. రెండు ఆయుధాలు, ఒక శత్రువు, ఒక గది. అంతకు మించి వద్దు. రెండు ఆయుధాలూ వేర్వేరు సందర్భాల్లో గెలవాలి. ఇచ్ డాట్ ఐఓలో పెట్టి పదిమంది చేత ఆడించండి. వాళ్లు ఆడుతున్నప్పుడు మీరు నోరు మెదపకుండా చూడండి, ఎక్కడ తికమకపడ్డారో రాసుకోండి.

నాలుగు, మనుషులను కలవండి. ఏటా జనవరి చివర్లో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది. రెండు మూడు రోజుల్లో జట్టుగా ఒక ఆట చేసేయాలి. మన గేమ్ డెవలపర్ల పెద్ద సదస్సు ఐజీడీసీ ఏళ్లపాటు హైదరాబాద్‌లో జరిగి, 2025 నవంబరులో చెన్నైకి వెళ్లింది. పొద్దున్నే పినాకినీ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటాం. ఆ ప్రయాణానికి ముందు చూపించడానికి చేతిలో పని ఉండాలి.

చివరి మాట. ఇంత చేసినా స్టూడియోలో ఉద్యోగం రాకపోవచ్చు. అప్పుడు కూడా మీ చేతిలో ఒక డేటా సేకరణ, ఒక సిమ్యులేషన్, పదిమంది వాడి చూసిన ఒక సాఫ్ట్‌వేర్, వాటి మీద రాసిన రిపోర్టు ఉంటాయి. కానూరులో చదివినా, గుడ్లవల్లేరులో చదివినా, నూజివీడులో చదివినా డేటా అనలిస్ట్, టెస్టింగ్ ఇంటర్వ్యూల్లో అడిగేవి దాదాపు ఇవే. క్లాసులో అందరిదీ ఒకే మినీ ప్రాజెక్ట్ అయినప్పుడు ‘నేను కత్తినీ గొడ్డలినీ పదివేల సార్లు పోట్లాడించాను, ఇదిగో ఫలితం’ అంటే ఎదుటివాళ్లు తప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తారు. దానికి జవాబు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి.