చెదలు తింటున్న మన తాతల పేర్లు

ముంబై తెలుగు సంఘాల యువతలో ఈమధ్య ఒక మంచి ఆరాటం కనిపిస్తోంది. కామాఠీపురా గల్లీల్లో, వర్లీ, నాయ్‌గావ్ బీడీడీ చాళ్లలో పుట్టి పెరిగిన పిల్లలు "మా ముత్తాత పటాలంలో పనిచేశాడట పాస్టరు గారూ, ఆయన పేరు ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. తన ముందు తరాల పేర్లు తెలియని జనాన్ని ఎవరైనా తమకు తోచిన పేరుతో పిలుస్తారు. మనల్ని అలాగే పిలిచారు కూడా.

అయితే ఈ ఆరాటం రెండు పక్కదారులు పడుతోంది. ఒకటి, అందరూ లండన్ వైపు చూస్తున్నారు గానీ తమ సంఘం అల్మారా వైపు చూడటం లేదు. రెండు, అందరూ సుబేదారునే వెదుకుతున్నారు. రాళ్లు మోసిన తాతనూ, పేరు లేకుండా పోయిన అవ్వనూ ఎవరూ వెదకడం లేదు. ఈ రెండింటి మీదా నాకు పేచీ ఉంది.

రాయలేనంత మందా?

18వ శతాబ్దం చివరలో నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి పని వెదుక్కుంటూ బొంబాయి వచ్చినవాళ్లు కామాఠీలు. ఈ నగరానికి రాళ్లు మోసిందీ, మట్టి తవ్విందీ వాళ్లే. పేటకు వాళ్ల పేరు మిగిలింది. పెద్ద కాంట్రాక్టర్ల పేర్లు కొన్ని వాడలకు మిగిలాయి. కూలీల పేర్లు మాత్రం మిగల్లేదు.

సైన్యంలోనూ అదే కథ. కంపెనీ తొలినాళ్లలో తెలుగు సిపాయిలు ఎంత పేరుపడ్డారంటే, ఉత్తరాదిన ఏ ప్రాంతం సిపాయినైనా 'తిలంగా' అనే పిలిచేవారు. జాతి పేరు సైన్యమంతటికీ అంటుకుంది. మనుషుల పేర్లు మాత్రం పుస్తకాలకు ఎక్కలేదు.

నమ్మకం లేకపోతే కొలాబాలోని ఆఫ్ఘన్ చర్చికి వెళ్లి చూడండి. మొదటి ఆఫ్ఘన్ యుద్ధంలో, సింధు దండయాత్రల్లో చనిపోయినవారి జ్ఞాపకార్థం 1847లో పునాది వేసి 1858లో ప్రతిష్ఠ చేసిన దేవాలయం అది. అధికారుల పేర్లు గోడ మీద చెక్కించారు. కింది శ్రేణి సైనికుల మాటేమిటి? వాళ్లు మరీ ఎక్కువ మంది కాబట్టి పేర్లు రాయడం కుదరలేదని ఆ ఫలకమే చెబుతుంది. తలవెంట్రుకలు సహా లెక్కించే దేవుని మందిరంలో చనిపోయిన సైనికుణ్ణి లెక్కించడానికి చోటు చాలలేదట!

చోటు చాలకపోవడం అబద్ధమని కోరేగావ్ స్తంభం రుజువు చేస్తుంది. 1818 జనవరి 1న భీమా నది ఒడ్డున చనిపోయిన సిపాయిల పేర్లు ఆ రాతి మీద ఉన్నాయి. అందులో 22 మహర్ సైనికులవి. 1927 జనవరి 1న అంబేద్కర్ గారు అక్కడికి వెళ్లగలిగారంటే, అది ఏటా లక్షలమంది చేరే చోటు అయిందంటే, కారణం ఆ పేర్లే. పేరు రాసి ఉంటే తరం మారినా మనుమడు వచ్చి నిలబడతాడు.

లండన్‌లో ఏముంది?

మద్రాసు, బొంబాయి, బెంగాల్ ప్రెసిడెన్సీల బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రికార్డుల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లోనూ దొరుకుతున్నాయి. కానీ వాటిలో ఉన్నది ఎక్కువగా యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. తెల్ల సైనికుడి పుట్టుక నుంచి సమాధి వరకు కాగితం ఉంది. అతని పక్కన నడిచిన మాల, మాదిగ సిపాయికి అలాంటి వరుస లేదు.

మొదటి ప్రపంచ యుద్ధానికి వద్దాం. 13 లక్షల మందికి పైగా భారతీయులు అందులో పనిచేశారు, సుమారు 74 వేలమంది చనిపోయారు. లాహోర్ మ్యూజియంలో పడి ఉన్న పంజాబు రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి 2021లో బయటపెట్టడం మొదలుపెట్టారు. ఆ రిజిస్టర్లలో 3,20,000 మంది వివరాలు ఊరి పేరుతో సహా ఉన్నాయి. మన తెలుగు జిల్లాల సిపాయిలను అలా ఒక్కచోట వెదికే వీలు ఇప్పటికీ లేదు. అదే ఏడాది కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ తన నివేదికలో ఒక నిజం ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికా మృతుల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం లేదు, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండొచ్చు అని.

అలాగని వెదకడం మానొద్దు. ఆ సంస్థ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడండి, తండ్రి పేరు, ఊరు, జిల్లా దొరికే అవకాశం ఉంది. ఇంట్లో పాత పెన్షను కాగితమో, పతకమో ఉంటే దాని మీది నంబరు రాసుకోండి. మద్రాసు రెజిమెంటు వాళ్లయితే వెల్లింగ్టన్, మద్రాసు సాపర్లయితే బెంగళూరు, మహర్ రెజిమెంటయితే సాగర్ రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయండి. ముంబైలోనే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ భవనంలో మహారాష్ట్ర ప్రభుత్వ పురాభిలేఖాగారం ఉంది.

మన అల్మారాలో ఏముంది?

ఇక్కడే అసలు సంగతి. పటాలంలో ఎల్లయ్యగా చేరినవాడు బాప్తిస్మం తర్వాత అబ్రాహాము అవుతాడు. అతని కొడుకు చాల్ అద్దె రసీదులో మరో పేరుతో ఉంటాడు. సైన్యం కాగితంలోని ఎల్లయ్యనూ, మన ఇంటి అబ్రాహామునూ కలిపే దారం బాప్తిస్మ రిజిస్టరు ఒక్కటే. చాలా రిజిస్టర్లలో తేదీ, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి రాసి ఉంటాయి. ఆ దారం తెగితే లండన్‌లో పేరు దొరికినా అది మన ముత్తాతదే అని చెప్పలేం.

ఆ రిజిస్టర్లు ఎలా ఉన్నాయి? వానాకాలం నీళ్లు కారే గదుల్లో, విరిగిన కుర్చీల కింద, కొన్నిచోట్ల పాత కార్యదర్శి ఇంట్లో మంచం కింద. సౌండ్ సిస్టం కొనడానికి చందా వసూలు చేసే సంఘం, రిజిస్టరు బైండింగుకు నాలుగు వందలు ఖర్చు పెట్టదు. చాళ్లు కూలుతున్నాయి, టవర్లు లేస్తున్నాయి. గది ఖాళీ చేసేటప్పుడు పాత కాగితాలు రద్దీవాడి తూకంలోకి పోతున్నాయి.

ఇది ఊరికే చరిత్ర సరదా కాదు. మహారాష్ట్రలో ఎస్సీ కులధృవీకరణ కావాలంటే 1950 ఆగస్టు 10 నాటికే కుటుంబం ఈ రాష్ట్రంలో ఉందని చూపాలి. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారికి ఇక్కడ ఓబీసీ హోదా ఉంది. దానికి 1967 అక్టోబరు 13 నాటి నివాసం చూపాలి. స్కూలు మొహం చూడని తాతకు, సొంత ఇల్లు లేని తాతకు ఆ రుజువు ఎక్కడిది? సంఘ పుస్తకంలోని ఒక్క వరుసే మనుమరాలి కాలేజీ సీటు కావచ్చు.

కొందరు పెద్దలు నా చెవిలో చెప్పే మాట నాకు తెలుసు. "అయ్యగారూ, రిజిస్టరు బయటపడితే మన పిల్లల ఎస్సీ సర్టిఫికెట్లు పోతాయి." వాళ్ల భయం న్యాయమైనదే. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడిని ఎస్సీ జాబితా నుంచి తోసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మనం ఇంకా గుమ్మం బయటే ఉన్నాం, ఏటా అదే రోజును చీకటి దినంగా పాటిస్తున్నాం. కానీ ఆలోచించండి. అన్యాయం ఆ ఉత్తర్వులో ఉందా, మన తాత బాప్తిస్మంలో ఉందా? దొంగకు భయపడి ఇల్లు తాళం వేసుకుంటాం గానీ ఇంటికి నిప్పు పెట్టుకోం కదా. రిజిస్టరును వీధిలో పరచమని నేను అనడం లేదు. ఆ కుటుంబం అడిగితే ఆ కుటుంబానికే చూపాలి, వారి అనుమతి లేకుండా ఒక్క పుట కూడా బయటికి పోకూడదు. దాచడం వేరు, చెదలకు వదిలేయడం వేరు.

సుబేదారు ఒక్కడేనా?

యువతకు కూడా ఒక మాట. ముత్తాత సిపాయి అని తేలగానే "మాది వీరజాతి" అని స్టేటస్ పెట్టుకుంటున్నారు. సైన్యం మన తాతలకు జీతం ఇచ్చింది, కొందరికి అక్షరం ఇచ్చింది. అంబేద్కర్ గారి తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. కానీ అదే సైన్యం 1890ల్లో 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని, వీళ్లు యుద్ధానికి పనికిరారంటూ మహర్లకు తలుపు మూసేసింది. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ల చేరికా ఆ కాలంలోనే బాగా తగ్గిపోయింది. మనల్ని బయటికి నెట్టిన కొలబద్దనే మనం నెత్తికెత్తుకుంటే ఎలా?

పటాలం వెనుక నడిచిన వంటవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, పాకీ పనివాళ్లు, గుర్రాల కాపర్లు ఎవరి తాతలు? 1864 కంటోన్మెంటు చట్టం, 1868 అంటువ్యాధుల చట్టం కింద తెల్ల సైనికుల కోసం పేర్లు నమోదు చేసి, బలవంతంగా వైద్య పరీక్షలు చేసిన ఆడవాళ్లు ఎవరి అవ్వలు? కామాఠీపురా మనుషులమై ఉండి ఈ ప్రశ్నకు తల తిప్పుకుంటే సిగ్గుచేటు. బయటివాళ్లు మన పేటను ఒక్క మాటతో తీసిపారేస్తారు. మనం కూడా ఆ ఆడవాళ్లను మన వంశం నుంచి తీసేస్తే వాళ్లకూ మనకూ తేడా ఏముంది?

వాక్యం చూడండి. సంఖ్యాకాండం 1లో ఇరవై ఏళ్లు దాటి యుద్ధానికి వెళ్లగల పురుషులనే లెక్కించారు. అది సైన్యం రిజిస్టరు. మత్తయి 1 వేరే రిజిస్టరు. అందులో తామారు ఉంది, వేశ్య అయిన రాహాబు ఉంది, పరదేశి రూతు ఉంది. ఊరియా పేరు కూడా ఉంది. హిత్తీయుడైన ఊరియా దావీదు సైన్యంలో సిపాయి. 2 సమూయేలు 23లోని శూరుల జాబితాలో చివరి పేరు అతనిదే. రాజు అతని భార్యను తీసుకున్నాడు, అతన్ని చంపించాడు. అయినా ప్రభువు వంశావళి ఊరియాను మరిచిపోలేదు, రాజు చేసిన పాపాన్నీ దాచలేదు. సంఘ పుస్తకం ఉండాల్సింది ఇలా.

కాబట్టి సంఘ పెద్దలకు నా మనవి. వచ్చే కమిటీ మీటింగు అజెండాలో దీన్ని మొదటి అంశంగా పెట్టండి. రిజిస్టర్లు ఎన్ని ఉన్నాయో, ఏ సంవత్సరాలవో లెక్క రాయండి. ప్రతి పుటనూ ఫోనుతో ఫోటో తీయించి, రెండు నకళ్లు వేర్వేరు చోట్ల ఉంచండి. ఎవరు చూడొచ్చో నియమం రాసుకోండి. యువతకు నా మనవి. ఆ ఫోటోలు తీసే పని మీరు చేయండి. తర్వాత చాల్‌లో మిగిలిన ముసలి అవ్వల దగ్గర కూర్చుని, ఏ పేరు ఎవరిదో అడిగి రాయండి. సుబేదారు పేరు దొరికితే సంతోషం. కూలి తాత పేరు, దేవదాసీగా మిగిలిపోయిన అవ్వ పేరు దొరికితే దాన్ని కూడా అదే పుటలో, అదే సిరాతో రాయండి.

ఈ వానాకాలం రాకముందే అల్మారా తెరవండి.